త్యాగరాజస్వామి పాట: ప్రభావాలు, కూర్పు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరాధన రోజులు దగ్గరపడగానే త్యాగరాజస్వామి గురించి సంగీతం నేర్చుకుంటున్నవారూ, వారి తల్లిదండ్రులూ, కేవలం వినడానికి ఇష్టపడేవారూ దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు అడుగుతుంటారు. వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఆయన జీవితం చుట్టూ కథలు చాలా అల్లుకున్నాయి. అయితే తన పాట ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఎలా ఉండాలో ఆయనే తన కీర్తనలలో చాలాచోట్ల చెప్పుకున్నారు కనుక, కథకూ కీర్తనకూ పొత్తు కుదరనప్పుడు నేను కీర్తన మాటనే పట్టుకున్నాను.

తమిళ దేశంలో పుట్టిపెరిగిన మనిషి తెలుగులో ఎందుకు రాశారు?

తెలుగు ఆయన ఇంటి భాష. కాకర్లవారి పూర్వులు కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామం నుంచి కావేరీ తీరానికి వలస వెళ్లిన ములకనాటి బ్రాహ్మణులు. 1767లో తిరువారూరులో పుట్టిన త్యాగరాజు చిన్నతనంలోనే తండ్రి రామబ్రహ్మంతో పాటు తిరువయ్యారు చేరి, 1847 జనవరి 6న, అంటే పుష్య బహుళ పంచమినాడు, అక్కడే సిద్ధి పొందారు.

ఇంటి భాష కావడం ఒక్కటే కారణం కాదు. తంజావూరును 1532 నుంచి 1673 వరకు ఏలిన నాయకరాజుల కొలువులో తెలుగే సాహిత్య భాష, సంగీత భాష. విజయరాఘవ నాయకుని కాలంలో క్షేత్రయ్య పదాలు అక్కడ మారుమోగాయి. తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా ఆ వరసను తెంచలేదు. అందువల్ల త్యాగరాజు కాలానికి ఆ ప్రాంతంలో పాట కట్టాలనుకునేవారికి తెలుగు అందరూ నడిచే బాటగా ఉండేది. తిరువారూరులోనే పుట్టిన శ్యామశాస్త్రి (1762–1827) కూడా ఎక్కువగా తెలుగులోనే రాశారు. అదే ఊరివాడైన ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మాత్రం సంస్కృతాన్ని ఎంచుకున్నారు.

ఆయన చెవిన పడిన తొలి సంగీతం ఏది?

తల్లి సీతమ్మ పాడే పురందరదాసు, భద్రాచల రామదాసు కీర్తనలు వింటూ ఆయన పెరిగారని సంప్రదాయం చెబుతుంది. దీనికి పత్రాల సాక్ష్యం అక్కరలేదు, ఆయన రచనలే సాక్ష్యం. ‘ప్రహ్లాద భక్తి విజయం’ ఆరంభ పద్యాలలో పురందరదాసునూ రామదాసునూ పేరు పెట్టి స్మరించారు. దేవగాంధారి రాగంలోని ‘క్షీరసాగర శయన’లో, గజేంద్రుడిని కాచిన కథ, ద్రౌపది మానం కాచిన కథ చెబుతున్న ఒరవడిలోనే రామదాసును చెర నుంచి విడిపించిన సంగతీ విన్నానని దేవుడితో అంటారు. రామదాసు ఆయనకు మరీ దూరపు కాలంవాడు కాదు, 17వ శతాబ్దపు మనిషి. అటువంటివాడిని ఏకంగా పురాణ పురుషుల పక్కన కూర్చోబెట్టారు. ఒక పాటగాడు మరొక పాటగాడికి చేసిన ఇంతకన్న పెద్ద సన్మానం నాకు తెలియదు.

రామదాసు నుంచి ఆయనకు వచ్చింది భక్తి ఒక్కటే కాదు, దేవుడిని నిలదీసే గొంతు కూడా. అలగడం, ఎత్తిపొడవడం, లెక్కలు అడగడం రామదాసు సొత్తు. త్యాగరాజు ఆ చనువును తీసుకుని దాని అరుపు తగ్గించారు, పదును పెంచారు.

వీటికి తోడు ఆ నేలమీద భజన సంప్రదాయం వేళ్లూని ఉంది. జయదేవుని అష్టపదులు, తిరువయ్యారుకు దగ్గరలోని వరహూరులో నివసించిన నారాయణతీర్థుల తరంగాలు ఇంటింటా పాడేవారు. పదిమంది కలిసి పాడుకోవడానికి వీలుగా, చరణాలన్నీ ఒకే వర్ణమెట్టులో, అంటే ఒకే వరసలో, సాగే దివ్యనామ కీర్తనలూ, స్వామిని మేలుకొలపడం నుంచి పవ్వళింపు వరకు పనికివచ్చే ఉత్సవ సంప్రదాయ కీర్తనలూ ఈ వాతావరణంలోనివే. ‘ఉయ్యాలలూగవయ్య’, ‘హెచ్చరికగా రారా’, ‘పతికి హారతీరే’ వంటివి కచేరీ కోసం పుట్టలేదు.

గురువు దగ్గర ఏం నేర్చుకున్నారు?

గురువు శొంఠి వేంకటరమణయ్య. ఆయన తండ్రి శొంఠి వేంకటసుబ్బయ్య కాలం నుంచి తంజావూరు ఆస్థానంతో సంబంధమున్న విద్వాంసుల కుటుంబం అది. ఇంట్లో భజన, గురువు దగ్గర ఆస్థాన విద్య: ఈ రెండు పాయలు త్యాగరాజులో కలిశాయి. భజన పాటలో అందరికీ అందే సూటిదనం ఉంటుంది, ఆస్థాన విద్యలో రాగాన్ని విస్తరించే శాస్త్ర బలం ఉంటుంది. పల్లవి, అనుపల్లవి, చరణాలుగా సాగే కృతి అనే రూపం ఆయన చేతిలో అంతగా పండడానికి అసలు కారణం ఈ కలయికేనని నా అభిప్రాయం.

నారదుడు వచ్చి ‘స్వరార్ణవం’ అనే సంగీత గ్రంథం ఇచ్చాడన్నది నిజమేనా?

అది భక్తుల నమ్మకం, దానితో నాకు పేచీ లేదు. ‘స్వరార్ణవం’ అన్న మాట మాత్రం శంకరాభరణంలోని ‘స్వరరాగ సుధారస’ చరణంలో నిజంగానే ఉంది. రజతగిరీశుడు, అంటే శివుడు, పార్వతికి తెలిపిన స్వరార్ణవ మర్మాలు తనకు తెలిశాయని ఆయన అంటారు. నారదుడిని గురువుగా కీర్తించిన పాటలూ ఉన్నాయి.

సంగీతపరంగా ఇక్కడ గమనించవలసింది వేరొకటి. వేంకటమఖి రాసిన సంగీతశాస్త్ర గ్రంథం ‘చతుర్దండీ ప్రకాశిక’ను అనుసరించి వచ్చిన రాగ సంప్రదాయాన్ని దీక్షితులు పాటిస్తే, త్యాగరాజు రాగాలు ఎక్కువగా ‘సంగ్రహ చూడామణి’ అనే గ్రంథంలోని లక్షణాలతో సరిపోతాయి. అంతవరకు పాట రూపంలో పెద్దగా కనబడని రాగాలకు ఆయన ప్రాణం పోశారు. ఖరహరప్రియకు ఈనాడు మనం ఎరిగిన స్వరూపం ‘చక్కని రాజ మార్గము’, ‘రామ నీ సమానమెవరు’, ‘పక్కల నిలబడి’ వంటి కృతులతో ఏర్పడిందే. బహుదారి అనగానే ‘బ్రోవ భారమా’, నళినకాంతి అనగానే ‘మనవ్యాలకించరాదటే’ నోటికి వస్తాయి. రాగానికి లక్షణం పుస్తకంలో ఉండవచ్చు గాని, దాని ముఖం మనకు ఆ కృతిలోనే కనిపించింది.

పోతన ప్రభావం ఎంత?

చాలా ఎక్కువ. అయితే అది అనుకరణ కాదు. ‘ప్రహ్లాద భక్తి విజయం’ చూడండి. అయిదు అంకాల ఈ గేయనాటకంలో పద్యాలూ కీర్తనలూ కలిసి నడుస్తాయి. ఆ పద్యాలు చదువుతుంటే భాగవతం ఆయన నాలుక మీద ఉన్నదని తెలిసిపోతుంది. కథ మాత్రం స్తంభం వైపు వెళ్లదు. ప్రహ్లాదుడిని నాగపాశాలతో కట్టి సముద్రంలో పడవేసిన ఘట్టం చుట్టూ తిరుగుతుంది, సముద్రుడు ఒక పాత్రగా వస్తాడు. నరసింహుడి ఉగ్రరూపం మీద ఆయనకు ఆసక్తి లేదు. తన దేవుడు ఎప్పుడు కనిపిస్తాడా అని వేగిపోయే పిల్లవాడి మీదనే ఆసక్తి అంతా.

మరొక విషయం: ‘వాసుదేవయని’ అనే కల్యాణి కృతిని కచేరీలో వింటే దాని పుట్టుక తెలియదు. అది నిజానికి ఈ నాటకంలో ద్వారపాలకుడి ప్రవేశానికి పాడే పాట. పాత్ర రంగం మీదికి వస్తుంటే పక్కనున్నవారు ‘ఇదిగో చూడండి, వస్తున్నాడు’ అని దరువు పాడడం మన యక్షగానాల పద్ధతి. యమునలో గోపికల పడవ ప్రయాణం కథగా సాగే ‘నౌకా చరిత్రం’లోనూ ఇదే ఆటపాటల ధోరణి ఉంది. ఆ కథ భాగవతంలో లేదు.

ఇంగ్లిషు బ్యాండు సంగీతం ఆయన మీద పని చేసిందా?

కొద్దిగా. 1799 తర్వాత తంజావూరు ఈస్టిండియా కుంపిణీ చేతిలోకి పోయింది, రెండవ శరభోజి కాలంలో అక్కడ బ్యాండు మోగేది. శంకరాభరణంలోని ‘వరలీల గానలోల’, సుపోషిణిలోని ‘రమించువారెవరురా’ వంటి పాటలలో గమకం (స్వరాన్ని ఊపి పలకడం) తగ్గి స్వరాలు విడివిడిగా మెట్లెక్కినట్లు సాగడంలో ఆ చప్పుడు వినబడుతుంది. దీక్షితులు అయితే బ్యాండు వరసలనే తీసుకుని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు, బ్రిటిషు రాజుగారి గీతం వరసకు కట్టిన ‘సంతతం పాహిమాం’ అందులో ఒకటి. త్యాగరాజు వరసను తీసుకోలేదు, నడకను విన్నారు, తన రాగంలోకి దించుకున్నారు.

మాట ముందా, వరస ముందా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. దీనికి ఆయన నేరుగా జవాబు చెప్పలేదు గాని, మంచి కృతి ఎలా ఉండాలో శ్రీరంజనిలోని ‘సొగసుగా మృదంగ తాళము’లో ఒక కొలబద్ద ఇచ్చారు. మృదంగ తాళంతో జతకూడాలి, స్వరం శుద్ధంగా ఉండాలి, వేదాంతార్థం గల నిజమైన మాటలు కావాలి, యతి, విశ్రమం పాటించాలి, ద్రాక్షారసం వంటి నవరసాలు ఉండాలి. అలాంటి కృతితో నిన్ను సొక్కించే ధీరుడెవరో, అది త్యాగరాజుకు సాధ్యమా, అని రాముడిని అడుగుతారు. అడిగిన ఆ పాటలోనే ఆ గుణాలన్నీ ఉన్నాయి, గడుసుదనం అంటే ఇది. ఈ జాబితాలో మాట, స్వరం, తాళం విడివిడిగా లేవన్నది గమనించాలి.

‘చక్కని రాజ మార్గము’ను కొంచెం దగ్గరగా చూస్తే ఆయన పని తీరు తెలుస్తుంది. పల్లవి: ‘చక్కని రాజ మార్గములుండగ సందుల దూరనేల ఓ మనసా’. ఇది పూర్తిగా వాడుక మాట. రహదారి ఉండగా సందుల్లో పడి పోవడం ఎందుకని మన ఇళ్లలో ఎవరైనా అనగలరు. అనుపల్లవి ‘చిక్కని పాలు మీగడయుండగ’ అని మొదలవుతుంది. ‘చక్కని’కి ‘చిక్కని’ ప్రాస, రెండవ అక్షరం రెండుచోట్లా ‘క్క’. ప్రాస కోసం తెచ్చిన మాట అర్థాన్ని వంచలేదు సరికదా, వీధిలో ఉన్న పోలికను వంటింట్లోకి తెచ్చింది. చరణంలో ‘కంటికి’, ‘ముక్కంటి’, ‘త్యాగరాజింట’, ‘ఇటువంటి’ అంటూ ‘ంట’ ప్రాస మోగుతుంది. కంటికి సుందరమైన రూపం, శివుడి నోట వెలిగే నామం, అంతటి దైవం త్యాగరాజు ఇంటనే ఉన్నదట. పల్లవిలో బయట ఉన్న రాజమార్గం చివరికి సొంత ఇంటికే చేరింది. ముద్రను, అంటే పాటలో పెట్టే తన పేరును, కూడా పాటలో ఇమిడే మాటగా వాడుకున్నారు, అంటించినట్లు ఉండదు.

ఇక వరస. అనుపల్లవి వర్ణమెట్టునే చరణం రెండవ సగంలో మళ్లీ వాడడం ఆయన కృతులలో చాలా తరచుగా కనిపిస్తుంది. అంటే పల్లవి, అనుపల్లవి కుదిరితే పాటకు చట్రం సగానికి పైగా సిద్ధమైనట్లే. దీన్నిబట్టి నేను ఊహించేది ఇది: ఎవరితోనో మాట్లాడుతున్నట్లు నోట వచ్చిన పల్లవి వాక్యం తన రాగంతో, తన నడకతో కలిసే వచ్చి ఉంటుంది, మిగిలినది ప్రాసనూ పల్లవి ఎత్తునూ పట్టుకుని పెరిగి ఉంటుంది. చిన్నప్పుడు మా గురువుగారు కొత్త కృతి ఏదైనా సరే ముందు పది సార్లు వచనంలా చదివించేవారు. పదోసారికి ఎక్కడ గొంతు లేస్తుందో, ఎక్కడ దిగుతుందో మనకే తెలిసేది. తర్వాత పాట చెబితే ఆశ్చర్యంగా అది దాదాపు అక్కడే లేచేది, అక్కడే దిగేది. అప్పుడు విసుగ్గా ఉండేది గాని, త్యాగరాజును అర్థం చేసుకోవడానికి అంతకు మించిన పాఠం నాకు దొరకలేదు.

ఆయన భాష గ్రాంథికమా, వ్యావహారికమా?

రెండూ పక్కపక్కనే ఉంటాయి. ‘జగదానందకారక’ పూర్తిగా సంస్కృత నామావళి. ‘నగుమోము గనలేని’ చరణంలోని తెలుగు మాత్రం మనింటి మాట. గరుత్మంతుడు నీ ఆజ్ఞ విని త్వరగా బయలుదేరలేదా, లేక ‘గగనానికిలకు బహు దూరంబనినాడో’ అని అడుగుతారు. రావలసినవాడు రాకపోతే బండి దొరకలేదా, దూరమని బద్ధకించాడా అని మనం విసుక్కున్నట్లే ఉంటుంది. సామెతలనూ వదలలేదు. ‘కద్దనువారికి కద్దు’ అనే తోడి కృతి పెద్దల నోట నలిగిన మాటతోనే మొదలవుతుంది. ఆ పెద్దల మాట ఈనాడు అబద్ధమైపోతుందా అని వెంటనే ఒక పోటు కూడా పెడతారు.

త్యాగరాజు ద్రాక్షాపాకం, శ్యామశాస్త్రి కదళీపాకం (అరటిపండు), దీక్షితులు నారికేళపాకం (కొబ్బరికాయ) అని చెప్పే పోలిక వినీ వినీ అరిగిపోయింది. అందులో నిజం ఉన్నా, నోట వేసుకోగానే కరిగేది వండడం సులువని అనుకుంటే పొరపాటు.

సంగతులు ఆయన పెట్టినవేనా?

ఒకే వాక్యాన్ని ఆవృత్తి ఆవృత్తికీ కొంచెం కొంచెంగా విస్తరించే సంగతిని కృతిలో క్రమపద్ధతిగా నిలబెట్టిన ఘనత ఆయనకే ఇస్తారు. ‘దారిని తెలుసుకొంటి’, ‘ఓ రంగశాయి’ వినండి. అదే మాట, ప్రతి మారూ మరో వెలుగులో కనిపిస్తుంది. ‘ఓ రంగశాయి’ అన్న పిలుపు ఒకసారి బతిమాలినట్లు, ఇంకోసారి గొంతెత్తి కేకేసినట్లు వినబడుతుంది. అయితే ఇవాళ పాడే సంగతులన్నీ ఆయనవే అనుకోవద్దు. శిష్యులూ, వారి శిష్యులూ, కచేరీ విద్వాంసులూ చేర్చినవి ఎన్నో ఉన్నాయి. మాట అర్థానికి కొత్త మెరుపు ఇచ్చే సంగతి నాకు సమ్మతమే. గొంతు సామర్థ్యం చూపడానికి మాత్రమే పెట్టినది వింటే ‘సందుల దూరనేల’ అనాలనిపిస్తుంది.

పాట తాళం మొదట్లో కాకుండా కాస్త ఆగి ఎందుకు మొదలవుతుంది?

ఆది తాళంలో ఒకటిన్నర అక్షరాల (తాళపు లెక్కల) తర్వాత ఎత్తుకోవడాన్ని దేశాది అనీ, అర అక్షరం తర్వాత ఎత్తుకోవడాన్ని మధ్యాది అనీ అంటారు. ఈ ఎత్తుగడలు ఆయన మధ్యమకాల (నడిమి వేగపు) కృతులలో విరివిగా ఉన్నాయి. మాట్లాడేవాడు కూడా తాళం దెబ్బ మీద మాట మొదలుపెట్టడు కదా. ఊపిరి తీసుకుని అందుకుంటాడు.

పంచరత్న కీర్తనలకు ఎందుకంత ప్రత్యేకత?

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే అయిదు ఘనరాగాలలో, ఆది తాళంలో ఉన్న ఈ అయిదింటికీ ‘పంచరత్నం’ అనే పేరు తర్వాతి కాలంలో వచ్చింది. వాటిలోని చరణాలను ముందు స్వరంగా, తర్వాత అదే వరసలో సాహిత్యంగా పాడతారు, స్వరమూ సాహిత్యమూ కలిసి నడిచే వర్ణం అనే రచనకు దగ్గరి చుట్టాలన్నమాట. అయిదూ ఒకే మూసలో ఉండవు. ‘దుడుకుగల’ తన తప్పులను తానే వరసపెట్టి ఒప్పుకోవడం, ‘సాధించెనే’ కృష్ణుడి మీద ముద్దుగా వేసిన నింద. ‘సాధించెనే’లో ప్రతి చరణం తర్వాత ‘సమయానికి తగు మాటలాడెనే’ అన్న ఎత్తిపొడుపు తిరిగి తిరిగి వస్తుంది. ‘ఎందరో మహానుభావులు’లో ‘ఎందరో’కు ‘చందురు’ ప్రాస, ఆ వెంట ‘అందచందము’, ‘హృదయారవిందము’, ‘బ్రహ్మానందము’ అంటూ ‘ంద’ శబ్దం ఆనందం పొంగినట్లు పొంగుతుంది.

‘నిధి చాల సుఖమా’ రాజు కానుకలను తిరస్కరించి పాడినదేనా?

శరభోజి ఆహ్వానం గురించిన కథ అది. కృతిలో రాజు పేరు గాని, ఆ సంఘటన గాని లేవు. నరస్తుతి సుఖమా, భగవంతుని కీర్తన సుఖమా అన్న ప్రశ్న ఉంది. ఆయన ఆస్థానంలో చేరకుండా ఉంఛవృత్తితో (పాడుతూ భిక్ష తెచ్చుకుని) బతికినవారు కనుక, ఆ ప్రశ్న ఒక్క రోజుది కాదనీ, ఆయన బతుకంతా దానికి జవాబనీ నేను అనుకుంటాను.

ఈ పాటలో ఒక ఉచ్చారణ సంగతి కూడా ఉంది. ‘చాల’లోనిది మన నోట దంత్య చకారం (నాలుక పళ్ల దగ్గర తగిలేది), ‘చక్కని’లోనూ అంతే. ‘చిక్కని’లోనిది తాలవ్యం (నాలుక అంగిలికి తగిలేది). తమిళ లిపిలో అచ్చయిన పుస్తకాలు చూసి నేర్చుకున్నవారికి ఈ తేడా తెలియదు. అందులో వారి తప్పు లేదు గాని, తెలుగు పిల్లలు కూడా రికార్డులు విని ‘చాల’ను తాలవ్యంగా పలకడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మొత్తం ఎన్ని రాశారు? మనకు ఎలా చేరాయి?

ఇరవై నాలుగు వేలన్నది సంప్రదాయం చెప్పే మాట. ఇప్పుడు దొరికేవి దాదాపు ఏడు వందలు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరలు వాటిని కాపాడాయి. వాలాజాపేట వేంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు రాసిపెట్టిన ప్రతులు లేకపోతే మన చేతికి వచ్చేది ఇంకెంత తగ్గిపోయేదో. పరంపరకొక పాఠాంతరం ఉండడం వల్ల ఏది అసలుదన్న వాదం తెగదు. పాట మారకుండా రాగమే మారిన ఉదాహరణ ‘నగుమోము’. పాతకాలపు ఆభేరిలో శుద్ధ ధైవతం (‘ధ’ స్వరపు కింది మెట్టు) ఉండేది, ఈనాడు లోకమంతా చతుశ్శ్రుతి ధైవతంతోనే (దాని పై మెట్టుతోనే) పాడుతోంది. పాత పద్ధతిలో ఒకసారి వినండి. అదే చరణం మరింత దిగులుగా వినిపిస్తుంది.

ఈ పాటలు తెలుగునాటికి ఎలా వచ్చాయి?

నడిచి వెళ్లి నేర్చుకుని తెచ్చినవారి వల్ల. త్యాగరాజుకు బంధువూ శిష్యుడూ అయిన మానాంబుచావడి వేంకటసుబ్బయ్య దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి నేర్చుకుని, ఆ విద్యను కృష్ణా తీరానికి తెచ్చారు. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ‘నగుమోము’ను బాలమురళిగారి గొంతులో విన్నవారు, ఆ గరుత్మంతుడిని అడిగిన ప్రశ్న దగ్గర ఆయన మాటను ఎంత తేలిగ్గా, ఎదుట నిలబడి అడిగినట్లు వదిలిపెడతారో గుర్తు తెచ్చుకోండి.